నాలుగు కిలోల గెలుపు

సోమవారం ఉదయం ఏడుంబావుకి ధారపాలెం బెల్లం మార్కెట్లో పెద్ద కాటా ముందు యాభై మంది వరసకట్టి నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బెల్లం అచ్చు. ఎవరూ తినడం లేదు.

కాటాదారు నూకరాజు గొలుసులు సరిచూసి, రెండు పళ్ళేలూ గుడ్డతో తుడిచి, "ఇంక కానియ్యండి" అన్నాడు.

మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసే కళాసీలకు ఒక ఫుట్‌బాల్ టీం ఉంది. పేరు కళాసీ లెవెన్. ఆదివారం మ్యాచ్ ఉందంటే, దానికి ముందొచ్చే సోమవారం అభిమానులు తలా ఒక అచ్చు కాటాలో పెట్టాలి. మనవాళ్ళు గెలుస్తారనుకుంటే కుడి పళ్ళెం, అవతలివాళ్ళు గెలుస్తారనుకుంటే ఎడమ పళ్ళెం. అచ్చు రెండు వందల గ్రాములు. యాభై అచ్చులూ కలిపి పది కిలోలు. షరతు ఒక్కటే: అభిమానం ఇంట్లో వదిలేసి, మనసుకు తోచిన నిజమే పళ్ళెంలో పెట్టాలి.

ఇరవై రెండేళ్ళుగా ఆ కాటా వేస్తున్నది నూకరాజే. రైతు సరుకైనా, షావుకారు సరుకైనా, టీం గెలుపైనా అతనికి ఒకటే. పళ్ళేనికి చిటికెనవేలు ఆనించాడని శత్రువు కూడా అనలేదు.

ఈసారి తూకం మామూలుది కాదు. ఇరవై ఏడేళ్ళ తర్వాత కళాసీ లెవెన్ సాగర్ కప్పు ఫైనల్‌కి వచ్చింది. అవతలిది హార్బర్ టీం.

వరసలో మొదట దాలినాయుడు. ఆ పాత ఫైనల్లో ఫుల్‌బ్యాక్‌గా ఆడి, ఏడు గోల్స్ తన పక్కనుంచే వెళ్ళడం చూసిన మనిషి. అచ్చు తీసుకెళ్ళి ఎడమ పళ్ళెంలో పెట్టాడు.

"మావా, కుడిపక్క ఓ పళ్ళెం ఉందని నీకెవరూ సెప్పలేదేటి?" అంది వెనకనుంచి పైడితల్లి. మార్కెట్లో బెల్లం గ్రేడు చూసే మనిషి. గోల్‌కీపర్ గంగులు ఆమె తమ్ముడే.

"సెప్పేరు. నాకు కళ్ళున్నాయి. ఆళ్ళ సెంటర్ ఫార్వర్డ్‌ని సూసేవా? ఆరడుగుల మూడంగుళాలు. కార్నర్ కొడితే ఆడి తలకి తప్ప ఇంకెవడి తలకీ అందదు. మీ తమ్ముడు నిచ్చెనేసుకుని ఆపుతాడా?"

"మనోళ్ళు పొద్దుగూకులూ దిమ్మలు మోసేవోళ్ళు. డెబ్బయ్యో నిమిషం దాటితే ఆళ్ళు నడుస్తారు, మనోళ్ళు లగెత్తుతారు."

"డెబ్బయ్యో నిమిషానికి మనం మూడు తినేసుంటాం. లగెత్తి ఏటి సేత్తారు, ఇంటికెల్తారా?"

నవ్వులు, తిట్లు, అచ్చులు పడ్డ చప్పుడు. ఎనిమిదింటికి లెక్క తేలింది. కుడి పళ్ళెం నాలుగు కిలోలు. ఎడమ పళ్ళెం ఆరు. నూకరాజు ఎప్పటిలాగే గట్టిగా చదివాడు.

సరిగ్గా అప్పుడే అతని భుజం మీద ఒక చెయ్యి పడింది.

ప్రమాణ తూకాల మండలి ఇన్‌స్పెక్టర్ కృపాకర్. మండలి ఆ పదిహేను రోజులూ 'తూకాల పరిశుద్ధి పక్షోత్సవాలు' జరుపుకుంటోంది. ప్రతి ఇన్‌స్పెక్టరూ రోజుకొక కేసు పట్టాలి, పట్టినట్టు ఫొటో పంపాలి. కృపాకర్‌కు మార్కెట్ యార్డు అప్పగించారు. నాలుగు రోజులుగా నూకరాజు కాటాను గ్రాము తేడా లేకుండా పరీక్షించి, గ్రాము తేడా దొరక్క, అతను నిద్రాహారాలు మానుకున్నాడు.

"ఏం తూస్తున్నారు?"

"గెలుపండి."

కృపాకర్ కలం తీశాడు. "సరుకు పేరు మళ్ళీ చెప్పండి."

"గెలుపేనండి. మా టీంది. నాలుగు కిలోలొచ్చింది."

"ఈ కాటాకు మేం దేనికి ముద్ర వేశాం?"

"బెల్లానికండి."

"బెల్లానికి ముద్ర వేసిన కాటా మీద గెలుపు తూచారు." కృపాకర్ ముఖంలో నాలుగు రోజుల తర్వాత రక్తం కనిపించింది.

పైడితల్లి ముందుకు తోసుకొచ్చింది. "పళ్ళెంలో ఉన్నది బెల్లమే కదు బాబూ! నాలిక్కి రాసుకుని సూడండి."

"అయితే మరీ ఘోరం. గెలుపని చెప్పి బెల్లం తూచారు. దాన్ని కల్తీ అంటారు. రెండింట్లో ఏది రాయమంటారు?"

నూకరాజు ఆలోచించాడు. కల్తీ అన్న మాట తన కాగితం మీద పడడం అతనికి ఇష్టం లేదు.

"గెలుపనే రాయండి" అన్నాడు. పంచనామా మీద సంతకం కూడా పెట్టాడు.

*

బుధవారం విచారణ. మండలి ఉప నియంత్రకులు వైకుంఠరావు గారు కళ్ళజోడు సవరించుకుని పంచనామాను మొదటినుంచి చివరిదాకా, చివరినుంచి మొదటిదాకా చదివారు.

"నూకరాజు గారూ, మండలికి మీ మీద ఎట్టి వ్యక్తిగత ద్వేషమూ లేదు. మీరు తూచిన సరుకు మా జాబితాలో లేదు. జాబితాలో లేని సరుకు దేశంలో ఉండరాదు. ఉన్నది కనుక జాబితాలో చేర్చవలసి ఉంటుంది. అందు నిమిత్తము వర్గీకరణ సంఘమును పిలిపించాము."

వర్గీకరణ సంఘమంటే ముగ్గురు. పక్కగదిలో రెండున్నర గంటలు కూర్చున్నారు. గెలుపు చేతిలోంచి జారిపోతుంది కాబట్టి అది ద్రవమని ఒకరు వాదించారు. తలకెక్కుతుంది కాబట్టి వాయువని రెండోవారు. కిలోల్లో తూచారు కాబట్టి ఘనపదార్థమని మూడోవారు. మూడోవారికి రిటైర్మెంట్ దగ్గర్లో ఉండడం వల్ల అందరూ ఆయన మాటే గౌరవించారు.

వైకుంఠరావు గారు తీర్మానం చదివి వినిపించారు. "సరుకు పేరు: విజయావకాశము. తరగతి: ఘనము. త్వరగా పాడగు స్వభావము గలది. వినియోగ గడువు: ఆదివారము సాయంత్రము ఆరు గంటలు. ప్రకటించిన బరువు: నాలుగు కిలోలు. గడువు ముగియు సమయమునకు మా ఇన్‌స్పెక్టరు మైదానమునకు వచ్చి, సరఫరా అయిన బరువును సరిచూచును. తేడా వచ్చినచో కాటాకు సీలు, మీ లైసెన్సు రద్దు."

నూకరాజు చేతులు జోడించాడు. అతనికి కాటా వేయడం తప్ప ఇంకో పని రాదు. "బాబూ, మావోళ్ళు గెలిస్తే గెలుపు పదికి పదీ వచ్చేస్తాది కదండీ?"

"నాలుగు ప్రకటించి పది సరఫరా చేసినచో, ఆ ఆరు కిలోలు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారని అడుగుతాము. దొంగ నిల్వ."

"ఓడిపోతే?"

"నాలుగు ప్రకటించి సున్నా సరఫరా. తూకంలో మోసము."

"మరేటి సెయ్యమంటారు?"

"నాలుగు కిలోలు గెలవండి."

"ఎలగండి?"

"అది క్రీడా విషయము" అన్నారు వైకుంఠరావు గారు. "మా పరిధి తూకము వరకే."

నూకరాజు గుమ్మం దాటుతుంటే ఆయన జాలిపడి వెనక్కి పిలిచారు. ప్రకటించిన బరువు మార్చుకోవడానికి నిబంధనల్లో ఒక్క అవకాశం ఉందట. శనివారం సాయంత్రం అయిదు గంటలకు, ఇన్‌స్పెక్టర్ సమక్షంలో, సవరణ తూకం.

*

గురువారం కృపాకర్ ప్రాక్టీసు గ్రౌండుకు లేబుళ్ళు పట్టుకొచ్చాడు. ఘనపదార్థమన్న తర్వాత ప్యాకెట్టు మీద బరువు ఉండాలి. ఈ సరుకుకు ప్యాకెట్లు ఆటగాళ్ళే. నాలుగు కిలోలను పదకొండు మందికి పంచితే తలకు మూడు వందల అరవై మూడు గ్రాములు వచ్చింది. మిగిలిన ఏడు గ్రాములు కోచ్ పేరున రాశాడు.

గోల్‌కీపర్ గంగులు జెర్సీ మీద అంటించిన కాగితం చదువుకుని అలిగాడు. "అందరూ వొగ్గేసిన బంతి ఆపీది నాను. నాకూ అందరితో సమానంగా మూడొందల అరవై మూడేనా? లెఫ్ట్‌వింగోడు రెండు మ్యాచుల్నించి బంతే ముట్టుకోలేదు, ఆడికీ అంతేనా?"

"అభ్యంతరాలుంటే నిర్ణీత నమూనాలో రాసివ్వండి" అన్నాడు కృపాకర్.

లెఫ్ట్‌వింగ్ ఆటగాడు రాసిచ్చాడు. తన బరువు తగ్గించి, గంగులు తనతో మళ్ళీ మాట్లాడేలా చూడమని.

*

శనివారం సాయంత్రం నాలుగున్నరకే యాభై మందీ చేరారు. విషయం ఊరంతా పాకింది. పైడితల్లి అందరినీ ఒక మూలకు పోగేసి ఉపాయం చెప్పింది.

"అందరం కుడి పళ్ళెంలో వేసేద్దాం. పదికి పది. రేపు మనోళ్ళు గెలుస్తారు, పదొస్తాది, లెక్క సరిపోద్ది. నూకన్న కాటా నిలబడుద్ది."

"ఓడిపోతే?" అన్నాడు దాలినాయుడు. "పదీ మోసమే. జైల్లో పెట్టినా పెడతారు. నా మాటిని అందరూ ఎడం పళ్ళెంలో వెయ్యండి. గెలుపు సున్నా అని రాయించీద్దాం. రేపు ఓడిపోతాం. సున్నా అంటే సున్నా. కాటా బద్రంగా ఉంటాది."

"అంటే రేపు గ్రౌండ్‌కెళ్ళి మన టీం ఓడిపోవాలని దణ్ణం పెట్టుకోవాలా? నోరు పడిపోను!"

"నాను దణ్ణమెట్టమన్లేదే! ఆళ్ళే ఓడిపోతారు, మనం కష్టపడక్కర్లేదు."

చెరో పాతిక మంది చీలిపోయారు. పదంటే పదని, సున్నా అంటే సున్నా అని అరుపులు. నూకరాజు కాటా దగ్గర నిలబడి వింటున్నాడు. కుడివాళ్ళ మాట నెగ్గితే రేపు టీం గెలవాలి. ఎడంవాళ్ళ మాట నెగ్గితే ఓడాలి. ఓడే ఫైనల్ అయితే లైసెన్సు దక్కుతుందన్న ఊహ ఒక్క క్షణం తియ్యగానే తగిలింది. వెంటనే సిగ్గేసింది.

అయిదు కొట్టింది. కృపాకర్ ఫైలు తెరిచాడు.

"ఒక్క మాట" అన్నాడు నూకరాజు. అరుపులు ఆగాయి. "మీరు నా కోసం వేస్తే అది నా తూకం అవుద్ది. టీం తూకం కాదు. ఇన్నాళ్ళూ ఈ కాటా మీద అలాంటి తూకం వెయ్యలేదు. నా సంగతి పక్కన పెట్టీండి. సోమవారం ఎలగేసేరో అలగే, మనసులో ఉన్నదే వెయ్యండి."

"నూకన్నా, నీ పొట్ట మీద కొట్టుకుంటన్నావు" అంది పైడితల్లి.

"నా పొట్టే కదమ్మా. వెయ్యండి."

ఒక్కొక్కరూ వచ్చారు. కొందరు కళ్ళు తుడుచుకుంటూ పెట్టారు. దాలినాయుడు కాసేపు రెండు పళ్ళేల మధ్య నిలబడి, "నన్ను తిట్టుకోకురా" అని ఎడమ పళ్ళెంలోనే పెట్టాడు.

కుడి పళ్ళెం నాలుగు కిలోలు. ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు.

"సవరణ లేదు" అని రాసుకున్నాడు కృపాకర్. ఆ రెండు మాటలూ రాయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

*

ఆదివారం మైదానం కిటకిటలాడింది. నూకరాజు మెట్ల మీద మూడో వరసలో కూర్చున్నాడు. గెలిస్తే పోతుంది. ఓడితే పోతుంది. దారి పొడవునా అదే అనుకుంటూ వచ్చినవాడికి, కూర్చున్నాక ఒక సంగతి తట్టింది. ఎలాగైనా పోయేదే అయితే, ఇంక దేనికి భయపడాలి? ఆ మైదానంలో వేల మంది ఉన్నారు కానీ ఏ బెంగా లేకుండా ఆట చూడగలిగింది తనొక్కడే.

అతను లేచి నిలబడి, జీవితంలో మొదటిసారి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు. "కొట్టండ్రా!"

కొట్టింది హార్బర్. తొమ్మిదో నిమిషంలో కార్నర్ వచ్చింది, ఆరడుగుల మూడంగుళాల తల లేచింది, గంగులు గాలిని పట్టుకున్నాడు. ఒకటి సున్నా. దాలినాయుడు ఎవరివైపూ చూడలేదు.

హార్బర్ వాళ్ళ ఆట చూడముచ్చటగా ఉంది. అద్దం మీద గోలీకాయ దొర్లినట్టు బంతి ఒక కాలి నుంచి ఇంకో కాలికి పోతోంది. కళాసీలు దాని వెనక పరిగెత్తుతున్నారు, అంతే. మొదటి సగం అలాగే ముగిసింది.

రెండో సగం మొదలైన అయిదు నిమిషాలకు సముద్రం వైపునుంచి నల్లటి మబ్బు వచ్చి మైదానం మీద ఒక్కసారిగా గుమ్మరించింది.

పావుగంటలో మైదానం బురదమడి అయింది. హార్బర్ వాళ్ళ పాసులు సగం దారిలో చతికిలబడ్డాయి. ఆరడుగుల మనిషి ఎగరబోయిన ప్రతిసారీ కాళ్ళు అడుసులోనే ఉండిపోయాయి. కళాసీలకు మాత్రం అది రోజూ నడిచే నేలే. బెల్లం పాకం కారి జారుడుబండలా ఉండే యార్డులో నెత్తిన దిమ్మలు పెట్టుకుని నడిచే కాళ్ళవి.

డెబ్బై రెండో నిమిషం. లెఫ్ట్‌వింగ్ ఆటగాడు రెండు మ్యాచుల తర్వాత బంతి ముట్టుకున్నాడు. గోల్‌లో పడింది. ఒకటి ఒకటి.

ఎనభై ఏడో నిమిషం. హార్బర్ గోల్ ముందు బంతి నీటిగుంటలో పడి ఆగిపోయింది. దొర్లి వస్తుందని వాళ్ళ డిఫెండర్లిద్దరూ ఎదురుచూశారు. ఎదురుచూడడం కళాసీలకు అలవాటు లేదు. ముగ్గురు ఒకేసారి గుంటలో దూకారు. నీళ్ళు, బురద, ముగ్గురు మనుషులు, బంతి, అన్నీ కలిసి గోల్‌లోకి వెళ్ళాయి.

రెండు ఒకటి!

నూకరాజు గొంతు పోయింది. దాలినాయుడు అతన్ని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. లైను పక్కన గొడుగు కింద ఫైలు పట్టుకుని నిలబడ్డ కృపాకర్ రెండడుగులు పైకి ఎగిరి, కిందికి దిగాక చుట్టూ చూసి, గొడుగు సరిచేసుకున్నాడు.

సరిగ్గా ఆరు గంటలకు అతను నూకరాజు ముందుకు వచ్చాడు. చొక్కా నిండా బురద. "ప్రకటించినది నాలుగు. సరఫరా అయినది పది. ఆరు కిలోలు అధికం." తల ఎత్తకుండా చదివాడు. "నన్ను క్షమించండి నూకరాజు గారూ. మంచి గోల్."

అటు కప్పు ఊరేగింపు మార్కెట్ గేటు దాటుతుంటే, ఇటు పెద్ద కాటాకు లక్క సీలు పడింది.

*

సోమవారం పొద్దున్నే వైకుంఠరావు గారు కబురంపారు. బల్ల మీద ఒక కాగితం ఉంది. 'ఆరు కిలోల విజయావకాశమును దురుద్దేశముతో దాచితిని' అని నూకరాజు ఒప్పుకుంటే, మొదటి తప్పు కింద మందలించి లైసెన్సు తిరిగి ఇచ్చేస్తారు.

"సంతకము పెట్టండి. మధ్యాహ్నమునకు కాటా మీది."

నూకరాజు కలం ముట్టుకోలేదు. "శనివారం నాలుగే ఉందండి. అది నిజం. ఆదివారం పది ఉంది. అదీ నిజమే. నానేదీ దాయలేదు."

"ఒకే సరుకు రెండు బరువులు ఎట్లుండును?"

"నాకు తెల్దండి. తూకం తప్పని మాత్రం రాయను."

ఇంతలో బయట గోల మొదలైంది. మార్కెట్లో ముద్ర ఉన్న పెద్ద కాటా అదొక్కటే. తూకం లేనిదే వేలం లేదు, వేలం లేనిదే సరుకు కదలదు. నూట ఎనభై బళ్ళు రోడ్డు మీద నిలిచిపోయాయి. ముసురు ఇంకా పట్టే ఉంది. వాన గాలికి బెల్లం చెమర్చి, కరిగి, బళ్ళ కింద నుంచి కాలువ కట్టి, పల్లంలో ఉన్న మండలి ఆఫీసు మెట్ల దాకా వచ్చింది. రైతులు కాలువ వెంటే వచ్చారు.

వైకుంఠరావు గారు సముదాయించడానికి బయటికొచ్చారు. మొదటి మెట్టు మీదే కుడిచెప్పు అతుక్కుపోయింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు.

"ఏమిటిది?"

"బెల్లమండి" అంది గుంపులో ముందున్న పైడితల్లి. "వానగాలి తగిలితే తేమ పీల్చీస్తాది. పీల్చి బరువెక్కుతాది. మీకు తెల్దేటి?"

వైకుంఠరావు గారు ఒంటిచెప్పుతో నిలబడి ఆమె వంక చూశారు. తర్వాత గబగబా లోపలికి వెళ్ళి, టైపిస్టును పిలిచారు.

పదకొండున్నరకు ఉత్తర్వు తయారైంది. ఆయనే పైకి చదివారు.

"విషయము: ధారపాలెం మార్కెట్ నందు విజయావకాశము నాలుగు కిలోల నుండి పది కిలోలకు పెరుగుట గురించి. క్షుణ్ణముగా పరిశీలించిన మీదట, ఆదివారము సాయంత్రము కురిసిన వర్షము వలన సదరు సరుకు తేమను పీల్చి ఆరు కిలోలు పెరిగినట్లు నిర్ధారించడమైనది. ఇందు కాటాదారు దోషము ఏమియు లేదు. సీలు తక్షణము తొలగించవలెను." కళ్ళజోడు తీశారు. "ఏమయ్యా, దీని మీదైనా సంతకము పెట్టెదవా?"

గది బయట కిటికీలకు మొహాలు అతుక్కున్నాయి. పొద్దుట కాదన్న మనిషి ఇప్పుడేమంటాడోనని కృపాకర్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

నూకరాజు కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. బురదలో చతికిలబడ్డ హార్బర్ పాసులు, నీటిగుంటలో ఆగిపోయిన బంతి, ముగ్గురు కళాసీల దూకుడు కళ్ళముందు తిరిగాయి. మండలి పుట్టాక ఆ ఆఫీసులోంచి ఇంత నిజమైన కాగితం వచ్చి ఉండదు.

"కరెక్టేనండి. వానలోనే పెరిగింది. నా కళ్ళతో సూసేను" అని సంతకం పెట్టాడు.

పన్నెండు గంటలకు మొదటి బండి కాటా ఎక్కింది.

నాలుగు రోజుల తర్వాత జిల్లాలోని ఫుట్‌బాల్ టీంలన్నిటికీ మండలి నుంచి సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట వాన కురిసే సూచనలున్న రోజుల్లో, విజయావకాశములు తేమ పీల్చకుండా, ఆటగాళ్ళను ఆట ముగియు వరకు టార్పాలిన్లతో కప్పి ఉంచవలెను. నూకరాజు దాన్ని కాటా పక్కన అందరికీ చదివి వినిపించాడు.

దాలినాయుడు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"మనోళ్ళకి అక్కర్లేదు. హార్బరోళ్ళకి రెండేసి కప్పమని రాయి."